ఆస్తి రాసిచ్చే తల్లిదండ్రులు పోషణ షరతు వదలకూడదు

వృద్ధుల డబ్బు దోపిడీ అనగానే అందరికీ ఫోన్లో ఓటీపీ అడిగే మోసగాడు గుర్తొస్తాడు. వాడి మీద ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది, సైబర్ పోలీసులు ఉన్నారు. తల్లి పింఛను ఖాతా ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకు తిరిగే కొడుకు మీద ఫిర్యాదు చేసేదెవరు? కన్నకొడుకును పోలీసు స్టేషనుకు ఈడ్చిందన్న మాట పడడం ఇష్టంలేక ఆ తల్లి నోరు విప్పదు.

చూసే కళ్లుంటే ఆనవాళ్లు కనిపిస్తాయి. పాస్‌బుక్ తన దగ్గర ఉండదు. బ్యాంకులో అడిగిన ప్రతిదానికీ పక్కనున్నవారే జవాబిస్తారు. ఉన్నట్టుండి నామినీ మారుతుంది, చుట్టాల రాకపోకలు తగ్గుతాయి.

అయితే కోలుకోలేని దెబ్బ తగిలేది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో. వీలునామాను బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, అలా కాదు. రిజిస్టరై, పిల్లలు స్వీకరించాక ఇల్లు వారిదే. ఈ తేడా తెలియకుండానే ఎందరో సంతకం పెడుతున్నారు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవారు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకునే హక్కు దాని 23వ సెక్షన్ ఇస్తోంది. చిక్కంతా ఆ షరతు దగ్గరే. షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో 2025 జనవరిలో అదే కోర్టు చట్టాన్ని ఉదారంగా అన్వయించి, గిఫ్ట్ డీడ్ రద్దు చేసి, ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించమంది. ఆమె చేతిలో కొడుకు రాసిచ్చిన హామీపత్రం ఉంది. అది కూడా లేని తల్లుల సంగతేమిటి?

కన్నబిడ్డల దగ్గర షరతు రాయించుకోవడం ప్రేమను శంకించడమే అంటారు కొందరు. నిజంగా చూసుకునే బిడ్డకు ఆ వాక్యం వల్ల పోయేదేముంది? వద్దని పట్టుబట్టే బిడ్డకు అసలు రాసివ్వనే కూడదు.

అందుకే ఈ భారం వృద్ధుల మీద వదిలేయకూడదు. అరవై దాటినవారు రాసే ప్రతి గిఫ్ట్ డీడ్ నమూనాలోనూ పోషణ షరతు ముందే అచ్చయి ఉండాలి, వద్దనుకునేవారే కొట్టేయించుకోవాలి. సంతకానికి ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆ పెద్దమనిషితో ఒంటరిగా మాట్లాడాలి. పిల్లలు గది బయట ఉండాలి. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ప్రభుత్వానికి మనసుంటే చాలు.

ఇంతకూ కన్నవారి ఆస్తి లాక్కునే ఈ తెగింపు పిల్లలకు ఎక్కడినుంచి వస్తోంది? ‘ఎలాగూ మాకు రావాల్సిందేగా’ అన్న ధీమా నుంచి. తండ్రి స్వార్జితంలో పిల్లలకు పుట్టుకతో వచ్చే వాటా ఏదీ లేదు. అయినా ఆయన బతికుండగానే గదులు పంచుకుంటారు, అమ్మకానికి బేరాలు మాట్లాడుకుంటారు. ‘ఈ వయసులో నీకు డబ్బెందుకు’ అని అడిగేస్తారు. మందులకు, ప్రయాణానికి, మనవరాలి చేతిలో తనకు తోచినంత పెట్టడానికి, ఎవరినీ అడగకుండా బతకడానికి ఆయనకు డబ్బు కావాలి. సంపాదించినవాడిని తన సొమ్ముకే కాపలాదారుగా చూసే ఈ అలవాటు మీద మన ఇళ్లలో గట్టిగా గొడవ జరగాలి.

ఇప్పటికే రాసిచ్చి అవస్థ పడుతున్నవారు ఈ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. పిల్లలు ఇచ్చిన హామీకి సంబంధించిన ఏ కాగితం ఉన్నా వెంట తీసుకెళ్లాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే వయోవృద్ధుల సహాయ నంబరు 14567 ఉంది. వారికి ఫోను అందనివ్వని ఇల్లయితే, ఆ నంబరుకు పొరుగువారే ఫోను చేయాలి.