ఫ్రేములో గల్లీ, ఫైల్లో ఖాళీ

హన్మకొండలో ఇప్పుడు కొత్తగా కేఫ్ తెరవాలంటే పాలు, చక్కెర, చాయ్‌పత్తి ఉంటే సరిపోదు. గోడ మీద కూల్చేసిన గల్లీ ఫొటో ఒకటి ఉండాలి. అదీ బ్లాక్ అండ్ వైట్‌లో. మోరీ అంచున నిలబడ్డ బనీను పిల్లాడు, బోరింగు ముందు వరసపెట్టిన బిందెలు, రేకులు ఎగిరిపోకుండా పైన పెట్టిన రాళ్లు కనబడ్డాయంటే చాయ్ ధర ఎంత పెట్టినా కస్టమర్ నోరెత్తడు. మోరీ కనబడకపోతేనే బేరం మొదలవుతుంది.

ఈ కళాపోషణకు గొప్ప వంశమే ఉంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇరుకు సందులు కూల్చడానికి 1866లో చట్టం చేశారు. కూల్చే ముందు థామస్ అన్నన్ అనే ఫొటోగ్రాఫర్‌తో 1868 నుంచి ఆ సందులను తీయించారు. పారిస్‌లో చార్లెస్ మార్విల్ అదే పని చేశాడు. ఆ కాలపు గాజు పలక మీద, ఆ చీకటి సందుల్లో బొమ్మ పడాలంటే చాలాసేపు పట్టేది. కదలకుండా నిలబడ్డవాళ్లు పడ్డారు, కదిలినవాళ్లు పొగలా మిగిలారు. కింద సందు నంబరు, వీధి పేరు రాశారు. మనుషుల పేర్లు రాయలేదు. మన ఫోన్ కెమెరాలు రెప్పపాటులో బొమ్మ తీస్తాయి, ఇప్పుడెవరూ పొగ కారు. పేరు రాయకపోవడం మాత్రం నూటయాభై ఏళ్లుగా తు.చ. తప్పకుండా సాగుతోంది.

మొన్న నగరంలో కూల్చేసిన ఒక బస్తీ ఫొటోల ప్రదర్శన పెడితే వెళ్లాను. రిబ్బన్ కట్ చేసిన పెద్దమనిషిని చూడగానే సంతోషమేసింది. ఆ బస్తీ నగరానికి మచ్చ అని వినతిపత్రం మీద మొదటి సంతకం పెట్టింది ఆయనే. ఇప్పుడు అదే బస్తీ ముందు చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి నిలబడ్డారు. 'ఆ రోజులే వేరు' అన్నారు. ఏ రోజులో చెప్పలేదు. ఆ గల్లీలో ఆయన కారు అద్దం దించిన రోజు ఒక్కటీ లేదు. పక్కనున్నాయన మోరీలో వెలుగు ఎంత బాగా పడిందో వివరించాడు. ఇంకొకాయన ప్రతి గోడ మీదా పెయింటుతో వేసిన అంకెల దగ్గర ఆగిపోయాడు. ఆ అంకెల వల్లే కంపోజిషన్‌కు బరువు వచ్చిందన్నాడు. నిజమే, బరువే. అవి కూల్చాల్సిన ఇళ్లకు సర్వేవాళ్లు వేసిన నంబర్లు. రంగుల్లో ఎర్రగా ఉండేవి, బ్లాక్ అండ్ వైట్ పుణ్యాన చల్లబడ్డాయి.

అసలు ఆ ఫొటోలకు ఇది రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగంలో 'ముందు', 'తర్వాత' అని పక్కపక్కన పెట్టే ఫ్లెక్సీలో ఎడమ వైపు ఉండేవి. అప్పుడు మోరీ అంటే దోమలు, రోగాలు, ఆక్రమణ. కుడి వైపు పార్కు, అందులో ఎవ్వరూ కూర్చోని బెంచీ. ఇప్పుడు అదే మోరీ ప్రమోషన్ కొట్టి కళ అయింది. మోరీకి దొరికిన పునరావాసం దాని పక్కన బతికినవాళ్లకు దొరకలేదు.

ప్రదర్శనకు ఒక అవ్వ కూడా వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో అప్లికేషన్లు. ఒక ఫొటో ముందు ఆగి వేలు పెట్టి చూపించింది. 'గిదే నా దర్వాజ బిడ్డా. గీ నంబరు నా ఇంటిదే.' 'అవ్వా, అద్దం ముట్టుకోవద్దు' అన్నాడు కుర్రాడు. 'ముట్ట గానీ, దీన్ని ఒక్క జిరాక్స్ తీసియ్యి. ఆఫీసుల ఇయ్యాలె. నువ్వు ఆడ ఉన్నట్టు రుజువేదని అడుగుతున్నరు.' కాపీరైట్ అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. గడప ఆమెది, గోడ ఆమెది, గోడ మీది నంబరు సర్కారుది, హక్కు మాత్రం ఫ్రేము కట్టించినవాడిది!

సర్కారు జాగలో ఇల్లు కట్టుకున్న పేదల కోసం తెచ్చిన జీవో 58 కింద ఆ జాగ క్రమబద్ధం కావాలంటే ముందు 2014 జూన్ 2 నాటికి అక్కడ ఉన్నట్టు చూపించమన్నారు. తర్వాత ఆ తేదీని 2020 జూన్ 2కు జరిపారు. కరెంటు బిల్లో, నల్లా బిల్లో, ఇంటి పన్ను రసీదో కావాలన్నారు. జేసీబీ ఇంట్లోకి వచ్చిన పొద్దున ఎవరైనా బిల్లులు ఏరుకుంటారా, పిల్లల్ని ఏరుకుంటారా?

నాకు వ్యంగ్యం చేతకావడం లేదు ఇక్కడ. ఇల్లు కూల్చడానికి ఆ ఫొటో రుజువు. ఇల్లు ఉండేదని చెప్పడానికి అదే ఫొటో రుజువు కాదు. ఇది దొంగతనం కాకపోతే ఏమిటి? నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆస్పత్రి కోసం కూల్చారు. ముందుగా ఖైదీలను పేరుపేరునా లెక్కపెట్టి, పోలీసు బందోబస్తుతో వేరే జైళ్లకు చేర్చారు. ఒక్కడు తక్కువైతే రాష్ట్రమంతా గాలించేవారు. బస్తీలో ఎంతమంది తక్కువయ్యారో అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఈ ఊళ్లో సర్కారు లిస్టులో పేరు పదిలంగా ఉండాలంటే నేరం చేసి ఉండాలన్నమాట. అవ్వ చేయలేదు, ఆమె ఖర్మ.

2020 ఆగస్టు వరదలో కాలనీలు మునిగాక నాలాల మీద ఆక్రమణలు తీసేస్తామన్నారు. మంచిదే, నాలా నాలాలాగే ఉండాలి. కానీ నాలా పక్కన గుడిసె ఉంటే ఆక్రమణ, నాలాను నొక్కి ఫంక్షన్ హాల్ కడితే అభివృద్ధి. ఫంక్షన్ హాల్‌కు బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసే దిక్కు లేదు పాపం.

కాబట్టి గోడ మీద ఎర్ర నంబరు పడ్డ గల్లీలవాళ్లకు ఒక సలహా. కెమెరా పట్టుకుని ఎవరైనా వస్తే దాక్కోవద్దు, నవ్వొద్దు. దర్వాజ ముందు నిలబడి, గోడ మీది నంబరు పక్కన కరెంటు బిల్లు పట్టుకోండి. మీటరు నంబరు, నెల, సంవత్సరం చదవడానికి రావాలి. వేళ్లు అడ్డం పెట్టొద్దు. 2014 జూన్‌కు ముందుదైతే మరీ మంచిది. బిల్లు పట్టుకోవడం వల్ల కంపోజిషన్ పాడవుతోందని ఫొటోగ్రాఫర్ అంటే, ఇంకొంచెం పైకెత్తండి.