సవరణ: మానే కొట్టిన పెనాల్టీ ఒకటి కాదు, రెండు

సెనెగల్ గెలిచిన ఆఫ్రికా ఫుట్‌బాల్ కప్పు గురించి మొన్న రాసిన పోస్టులో "2021 ఫైనల్లో సాదియో మానే పెనాల్టీ పోగొట్టాడు" అన్న వాక్యం అలాగే ఉంటే తప్పుడు అర్థం వస్తుంది. దాన్ని ఇలా చదువుకోండి.

ముందు ఏడాది సంగతి. టోర్నీ పేరులో 2021 ఉన్నా, అది వాయిదా పడి 2022 జనవరి, ఫిబ్రవరిల్లో కామెరూన్‌లో జరిగింది. ఫైనల్ ఫిబ్రవరి 6న, యవుందేలో, ఈజిప్టుతో.

సెనెగల్ ఆటగాడు మానే పోగొట్టింది ఆట మొదలైన 7వ నిమిషంలో వచ్చిన పెనాల్టీని. అతను కొట్టబోయే ముందు, అప్పట్లో లివర్‌పూల్ క్లబ్‌లో అతని సహచరుడే అయిన ఈజిప్టు ఆటగాడు మొహమ్మద్ సలా వెళ్లి ఈజిప్టు గోల్‌కీపర్ గబాస్కీ చెవిలో ఏదో చెప్పాడు. రోజూ ప్రాక్టీసులో చూసే కాలు కదా మరి! మానే గట్టిగానే కొట్టాడు, గబాస్కీ ఆపేశాడు.

అదనపు సమయం అయ్యాక కూడా స్కోరు 0-0. దాంతో రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టే షూటౌట్ వచ్చింది. అందులో సెనెగల్ గోల్‌కీపర్, అప్పట్లో చెల్సీ క్లబ్‌కి ఆడిన ఎడువార్డ్ మెండీ ఒక షాట్ ఆపాక, సెనెగల్ తరఫున ఐదో కిక్‌కి మళ్లీ మానేనే వచ్చాడు. ఎంత టెన్షనో ఊహించుకోండి. ఈసారి బంతి వలలో పడింది. 4-2తో సెనెగల్‌కి మొట్టమొదటి ఆఫ్రికా కప్పు. ఈజిప్టు ఐదో కిక్ కోసం ఆగిన సలాకి కొట్టే అవకాశమే రాలేదు.

సెనెగల్ అప్పటి కోచ్ అలియూ సిసే 2002 ఆఫ్రికా కప్పు ఫైనల్లో కెప్టెన్‌గా షూటౌట్‌లో పెనాల్టీ పోగొట్టిన మాట మాత్రం పాత పోస్టులో ఉన్నట్టే నిజం.