బొమ్మకి రంగు పోయింది

'మొనొనోకె' అనగానే 1997లో మియజాకి తీసిన 'ప్రిన్సెస్ మొనొనోకె' అనుకుని పిల్లల్ని కేకేసి కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారు. పేరు కలిసిందే తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. ఇది 2007లో తోయెయి యానిమేషన్ నుంచి వచ్చిన 12 ఎపిసోడ్ల భయానక సిరీస్, దర్శకుడు కెంజి నకమురా. మొదటి కథలోనే వానలో తడిసొచ్చిన ఓ గర్భిణి, ఒకప్పుడు వేశ్యావాటికగా నడిచిన సత్రం, పుట్టనివ్వని పసికందులు. హోంవర్క్ గుర్తుచేసి పిల్లల్ని లేపేయడం తప్ప వేరే దారి ఉండదు.

పిల్లలు లేచాక టీవీ మొదలుపెడుతుంది. ఇందులో బొమ్మంతా నారతో చేసే జపాన్ వాషీ కాగితం మీద అచ్చేసినట్టుంటుంది. తెర నిండా ఆ కాగితపు గరుకు, దాని మీద పూలు, అలలు, గళ్లు. టీవీలోని నాయిస్ రిడక్షన్‌కి ఆ గరుకు మురికిలా కనబడి, పండగ ముందు ఇత్తడి బిందె తోమినట్టు తోమేస్తుంది. మోషన్ స్మూతింగ్ ఇంకో ఘనుడు. సెకనుకి 24 ఫ్రేములే, అందులోనూ ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేములు నిలిపే యానిమేషన్ మధ్యలో సొంత ఫ్రేములు దూర్చి, మందులమ్మేవాణ్ణి సబ్బునీళ్ల మీద జారిస్తుంది. ఈ రెండూ ఆపి, 'వివిడ్' బదులు 'సినిమా' మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించాలి. నెట్ నెమ్మదిగా ఉంటే డౌన్‌లోడ్ చేసుకుని చూడటం మేలు. ఇన్ని నగిషీలున్న బొమ్మని తక్కువ క్వాలిటీలో పెడితే బూందీ లడ్డూ కాస్తా రవ్వకేసరి అవుతుంది.

కథానాయకుడు ఆ మందులమ్మేవాడే. కత్తి ఉంటుంది, ఒరలోంచి రాదు. దయ్యం ఆకారం, జరిగిన సంగతి, దాని వెనకున్న కారణం, మూడూ తేలితేనే వస్తుంది. వేపమండతో మొదలెట్టే మన భూతవైద్యుడి కంటే ఇతను పెద్దమనుషుల పంచాయితీకి దగ్గర. వాంగ్మూలాలయ్యాకే వేటు.

అసలు ప్రమాదం 8వ ఎపిసోడ్‌లో. 'నుయె' కథ అక్కడ మొదలై 9తో ముగుస్తుంది. సుగంధపు చెక్కల వాసన పోల్చే పోటీ అది, బొమ్మ దాదాపు బూడిదరంగులో నడుస్తుంది. సోఫాలోని పెద్దాయన లేస్తారు.

"ఒరేయ్, రంగు పోయిందిరా!"

"అది అంతే నాన్నా, కావాలనే అలా తీశారు."

"కావాలని ఎవడు తీస్తాడ్రా? కేబుల్ వదులైంది."

ఆయన టీవీ వెనక్కి దూరి, హెచ్‌డీఎంఐ పీకి, ఉఫ్‌మని ఊది, మళ్లీ గుచ్చుతారు. సరిగ్గా అప్పుడే తెర మీద ఒకాయన ధూపం వాసన పీలుస్తాడు. ఈ కథలో రంగు విచ్చుకునేది అలాంటప్పుడే. తెరంతా గుప్పున వెలుగుతుంది.

"చూశావా? ముప్పై ఏళ్ల అనుభవం!"

వాసన ఆరగానే రంగూ పోతుంది. ఆయన మళ్లీ వెనక్కి. సబ్‌టైటిల్స్ అసలే రైలు స్టేషన్ దాటినట్టు పోతుంటాయి, వాటికి అడ్డంగా ఆయన మోచెయ్యి. రిమోట్‌తో వెనక్కి జరిపితే రంగొస్తుంది, వదిలేస్తే పోతుంది, దాంతో ఆయన రోగనిర్ధారణ ఇంకా గట్టిపడుతుంది. వంటింట్లో కుక్కర్ కూత పెడితే ఇంట్లో అందరూ ఉలిక్కిపడతారు. ఆ సాయంత్రం భయమనేది కలిగింది అప్పుడొక్కసారే.

9వ ఎపిసోడ్ అయ్యేదాకా పెద్దాయన కేబుల్ పట్టుకుని నిలబడే ఉంటారు.