నడక తనిఖీ సంఘం వారి సమక్షంలో

చంటిపిల్ల ఉన్న ఇంటికి వచ్చే పెద్దలకు, కుర్చీలో కుదురుగా కూర్చోకముందే ఒక ప్రశ్న అడిగి తీరవలసిన బాధ్యతను ఎవరో అప్పగించినట్టున్నారు. "ఏంటమ్మా, పిల్ల ఇంకా నడవట్లేదా?" అన్నదే ఆ ప్రశ్న. పిల్ల ఎదురుగానే ఉంటుంది. నేలమీద దోగాడుతూ, వచ్చినవారి సంచి జిప్పు ఎటు లాగితే తెరుచుకుంటుందో పరిశోధిస్తూ, తన పనిలో తానుంటుంది. నడవడం లేదన్న సంగతి కళ్లున్న ప్రతివారికీ కనబడుతూనే ఉంటుంది. అయినా అడుగుతారు, తల్లినే అడుగుతారు, జవాబు పూర్తి కాకుండానే నాలుక చప్పరిస్తారు. మా అమ్మాయికి ఏడాది నిండిననాటి నుంచి మా ఇంటికి చుట్టాలు రావడం మానేశారు. వస్తున్నవారంతా తనిఖీ అధికారులే.

తనిఖీకి ఒక పద్ధతి ఉంది. ముందుగా పిల్లను చంకల కింద చేతులు వేసి ఎత్తి, హాలు నడిమధ్యన నిలబెడతారు. అప్పటిదాకా ఆమె చేతిలో ఉన్న గరిటెను, "అది పట్టుకుంటే నడకమీద ధ్యాసెలా ఉంటుంది" అన్న సాంకేతిక కారణం చూపి స్వాధీనం చేసుకుంటారు. ఒక గోడవైపు పెద్దత్త, ఎదుటి గోడవైపు మామయ్య మోకాళ్లమీద కూర్చుంటారు. ఫోను నిలువుగా పట్టాలా, అడ్డంగా పట్టాలా అన్న విషయంలో బాబాయికీ పిన్నికీ మధ్య చిన్న వివాదం నడిచి, చివరికి ఇద్దరూ చెరొక ఫోను పట్టుకోవడంతో సద్దుమణుగుతుంది. అత్త తాళంచెవుల గుత్తి ఆడిస్తూ "రా తల్లీ, నా బంగారు కదూ, అత్త దగ్గరికి రా" అంటుంది. అదే క్షణంలో మామయ్య అటునుంచి చప్పట్లు కొడుతూ "అటు కాదే, ఇటు" అంటాడు. రెండు వైపుల నుంచీ ఒకేసారి పిలుపు వస్తే ఎటు పోవాలో పెద్దవాళ్లకే పాలుపోదు. మా అమ్మాయి మాత్రం ఇద్దరినీ నిష్పక్షపాతంగా పరికించి, మోకాళ్లు కొద్దిగా వంచి, సభ యావత్తూ ఊపిరి బిగబట్టిన ఆ ఘడియలో, తాపీగా చతికిలబడుతుంది. చతికిలబడి, నేలమీదున్న ఒక తలవెంట్రుకను బొటనవేలి కొసతోనూ చూపుడువేలి కొసతోనూ పట్టి పైకెత్తి, కిటికీ వెలుతురులో తిప్పితిప్పి చూస్తుంది. నిన్నగాక మొన్నటిదాకా ఏ వస్తువునైనా గుప్పిటతో పోగేసుకున్న మనిషి, ఇప్పుడు వెంట్రుకను ఏరుతోంది. సాధారణంగా 9 నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు అబ్బే ఈ పట్టు చిన్నదేమీ కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం నుంచి కలం పట్టుకోవడం దాకా రేపు అన్నీ దానిమీదే ఆధారపడతాయి. అయితే ఆనాటి ఎజెండాలో కాళ్లే ఉన్నాయి, చేతులు లేవు. కనుక ఆ విషయం రికార్డుకు ఎక్కదు. "పిల్ల భయపడింది" అని ఒకరు తీర్మానం ప్రవేశపెడతారు. "భయం కాదు, మొండితనం" అని ఇంకొకరు సవరణ ప్రతిపాదిస్తారు. "ఏదీ కాదు, బద్ధకం, అచ్చం తండ్రి పోలిక" అన్న తుది పాఠం ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది.

ఆపైన పూర్వోదాహరణలు మొదలవుతాయి. సంఘ సభ్యుల పిల్లల్లో పదో నెల దాటాక నడిచినవాడు ఒక్కడూ లేడు. ఒకరి కొడుకు తొమ్మిదో నెలలో మెట్లు దిగాడు. మరొకరి కొడుకు ఎనిమిదో నెలలోనే పరుగెత్తి గేటు దాటాడు. ఏళ్లు గడిచినకొద్దీ ఈ నెలలు తరుగుతూ పోవడం నేను గమనించాను. ఇంకో పదేళ్లు ఆగితే ఆ కుర్రవాడు ప్రసూతి గది నుంచి తన బట్టల సంచి తానే మోసుకుని నడిచి వచ్చాడన్న కథ కూడా వింటామన్న నమ్మకం నాకుంది. ఎనిమిదో నెలలో గేటు దాటిన ఆ మహానుభావుడు ఇప్పుడు ముప్ఫయ్యేళ్లవాడై, అదే హాల్లో సోఫామీద పడుకుని, మూడడుగుల దూరంలో ఉన్న చార్జరును అందించమని వాళ్లమ్మను అడుగుతుంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఈ చరిత్ర అందినట్టు లేదు. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను నెలల తరబడి పరిశీలించి, ఆ సంస్థ 2006లో కొన్ని కొలతలు ప్రకటించింది. వాటి ప్రకారం ఊతం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. అంటే తొమ్మిదో నెలలో నడిచిన పిల్లా, పదిహేడో నెలలో నడిచిన పిల్లా ఒకే మామూలు లెక్కలోకి వస్తారు. ఆ పిల్లల్లో వందకు నలుగురికి పైగా చేతులూ మోకాళ్లూ ఆనించి దోగాడనే లేదు, అయినా నడిచారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో, పుట్టిన రోజు నుంచి కాక పుట్టవలసిన రోజు నుంచి వయసు లెక్కగట్టాలని వైద్యులు చెబుతారు. ఇదంతా నేను ఒకసారి సంఘం ముందుంచాను. "పుస్తకాలు చదివి పిల్లల్ని పెంచితే ఇలాగే ఉంటుంది" అన్నారు.

పద్దెనిమిది నెలలు నిండినా నడక రాకపోతే, ఒకపక్క కాలూ చెయ్యీ మాత్రమే ఆడిస్తుంటే, లేదా వచ్చిన విద్య ఏదైనా మరిచిపోతుంటే, ఆ పిల్లను డాక్టరుకు చూపించాలి. నిజానికి అంత ఆలస్యం కూడా పనికిరాదు. మనసులో ఏ కాస్త అనుమానం ఉన్నా వెంటనే చూపించవచ్చు. డాక్టరు కాళ్లు పరీక్షిస్తాడు. మన సంఘం తల్లిని పరీక్షిస్తుంది. "పాలు చాలలేదేమో," "ఎప్పుడూ ఎత్తుకునే తిరిగితే కాళ్లకు బలం ఎక్కడిది," "కడుపుతో ఉన్నప్పుడు సరిగా తిన్నావా" అని ఒక్కొక్కరూ ఒక్కొక్క అభియోగం మోపుతారు. రాత్రికి నాలుగుసార్లు లేచి, పగలు కళ్లు మూతలు పడుతున్నా నవ్వుతూ నిలబడిన ఆ మనిషి ముఖం మెల్లగా వాడిపోవడం నేను పక్కనే ఉండి చూశాను. మా సంగతి ఇంతటితో సరి, మా పిల్ల కాళ్లకు ఏ లోపమూ లేదు. కానీ కండరాల జబ్బుతోనో, మెదడుకు తగిలిన దెబ్బతోనో పుట్టిన పిల్లను పెంచుతున్న తల్లికి ఇదే ప్రశ్న ప్రతి గుమ్మంలో, ప్రతి పేరంటంలో ఎదురవుతుంది. ఆమె నెలల తరబడి ఫిజియోథెరపీకి తిప్పి, పిల్లను ఒక్క నిమిషం గోడకు ఆనించి నిలబెట్టగలిగితే, మీరు వచ్చి "ఇంకా నడవట్లేదా" అంటారు. ఏం జవాబు చెప్పాలి మీకు? వైద్యుల రిపోర్టులు తెచ్చి మీ ఒళ్లో పోయాలా? ఆమె పుట్టెడు కష్టంలో మీ కబుర్లకు కాలక్షేపం దొరకాలా? సిగ్గుండాలి. నోటికి తాళం వేసుకోవడం చేతకాకపోతే కనీసం అలాంటి ఇళ్ల గడప తొక్కకుండా ఉండడమైనా నేర్చుకోండి.

ఇక మా అమ్మాయి నడిచింది. ఒక మామూలు మధ్యాహ్నం, దిండు గలీబు ఒకటి వెనకాల ఈడ్చుకుంటూ, చేతులు రెండూ భుజాల ఎత్తున పెట్టి, కాళ్లు ఎడంగా వేసి, పాదం మొత్తాన్నీ ఒకేసారి నేలమీద మోపుతూ, మంచం నుంచి బీరువా దాకా వెళ్లింది. బీరువా దగ్గర ఏ పనీ లేదు. వెనక్కి తిరిగింది, పడింది, లేచింది. సంఘ సభ్యులెవరూ లేనందునా, వీడియో సాక్ష్యం సమర్పించనందునా ఆ నడక చెల్లదని తరువాత తేలింది. కొత్తగా నడక నేర్చిన పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసి, 17 సార్లు పడతారని న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో లెక్కగట్టి చెప్పారు. పడిన ప్రతిసారీ వెనక నుంచి "అయ్యో, అయ్యయ్యో" అని కేక పెట్టేవాడు ఉంటేనే వాళ్లకు ఏడుపు వస్తుంది. లేకపోతే లేచి తమ దారిన తాము పోతారు. నా పరిశీలన మేరకు ఇది నూటికి తొంభైసార్లు నిజం.

ఆమె నడకతో నిమిత్తం లేకుండా మా ఇంట్లో మిగిలిపోయింది మాత్రం, తీర్మానం అమలులో భాగంగా సంఘం వారు కానుకగా పంపిన చక్రాల వాకరు. పిల్లను అందులో దించితే కాళ్లు గాల్లో ఆడతాయి, కాలివేళ్లు మాత్రం నేలను తాకుతాయి, బండి జర్రున పోతుంది. నిలబడడం, తూలడం, ఆపుకోవడం అన్న మూడింటినీ నేర్పకుండా నడక నేర్పుతుందని దానిమీద నమ్మకం. వాకరు వల్ల నడక త్వరగా రాదు సరికదా, ఆలస్యం కావచ్చని పిల్లల వైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. అది క్షణంలో మూడడుగుల పైన దూసుకుపోగలదు. పక్కనే ఉన్న పెద్దవాళ్లు చెయ్యి చాచేలోపు పిల్ల మెట్ల అంచుకు చేరుతుంది. 1990 నుంచి 2014 దాకా ఒక్క అమెరికాలోనే 15 నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకరు దెబ్బలతో అత్యవసర విభాగాలకు చేరారు. అత్యధికులకు తగిలిన దెబ్బలు తలకూ మెడకూ, అత్యధికులు పడినది మెట్లమీద నుంచి. కెనడా 2004లో వాటి అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. వాడేసినవాటిని అమ్మినా అక్కడ నేరమే. మిగతాచోట్ల ఎలుగుబంటి బొమ్మ అంటించి, నాలుగు పాటలు పాడించి అమ్ముతూనే ఉన్నారు, ప్రేమగా కొని పంపుతూనే ఉన్నారు.

తిరిగి ఇచ్చేద్దామంటే, పంపినవారి ఇంట్లో త్వరలో మనవడో మనవరాలో రాబోతున్నారని తెలిసింది. పాత సామాన్లకు వేస్తే ఇంకో ఇంటికి చేరుతుంది. అందుకని ఒక ఆదివారం స్క్రూడ్రైవరు తీసుకుని చక్రాలన్నీ ఊడబీకి, సీటు గుడ్డ కత్తిరించి, చట్రాన్ని రెండు ముక్కలు చేసి చెత్తబండిలో వేశాను. వాకరు ఏమైందని సంఘం వారు అడిగితే, విరగ్గొట్టానని చెబుతాను.