‘ఎక్స్‌ట్రా’ కాలమ్‌కు జేజేలు

డేటాబేస్ టేబుల్‌లో జేసన్ కాలమ్, అంటే కీ–విలువ జంటలు ఎన్నైనా ఒకే గడిలో కుక్కే కాలమ్, ఉందా అని అడగడం ఈ రోజుల్లో మర్యాద కాదు. దాని పేరు ‘డేటా’నా, ‘మెటా’నా, ‘ఎక్స్‌ట్రా’నా అని మాత్రమే అడగాలి.

1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే పెద్దమనిషి, ఒక గడిలో విడదీయలేని ఒకే విలువ ఉండాలన్నాడు. పాపం, ఆయనకు మన డెడ్‌లైన్లు తెలియవు. ముందు ట్యాగులతో సమాచారం రాసే ఎక్స్‌ఎంఎల్‌ను తెచ్చి ఆ గడిలో కూర్చోబెట్టారు. తర్వాత పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 2012లో 9.2 వెర్షన్ జేసన్‌ను, 2014లో 9.4 వెర్షన్ దాని బైనరీ రూపమైన జేసన్‌బీని తెచ్చాయి. 2015లో మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7 కూడా అదే దారి పట్టింది. నిజం చెప్పాలంటే మంచి పనే. బయటి సర్వీసు పంపే, రేపు ఏ రూపంలో వస్తుందో తెలియని సరుకును ఉన్నదున్నట్టు దాచుకోవాలి కదా. కానీ కస్టమర్ ఫోన్ నంబరు రేపు ఏ రూపంలో వస్తుంది స్వామీ?

దాన్నీ జేసన్‌లో ఎందుకు పడేశారంటే ‘ఫ్లెక్సిబిలిటీ కావాలండీ’ అంటారు. సరే. కొన్నాళ్లకు మేనేజర్ గారు ఫోన్ నంబర్ల లిస్టు అడుగుతారు. వెబ్ టీమ్ ‘ఫోన్’ అని రాసింది. యాప్ టీమ్ ‘మొబైల్’ అంది. ఇంకొకరు అదే ‘ఫోన్’ను పెద్దక్షరంతో మొదలుపెట్టారు. కొత్తగా చేరిన కుర్రాడు ‘కాంటాక్ట్’ లోపల ‘డీటెయిల్స్’, దాని లోపల ఒక జాబితా, ఆ జాబితాలో మొదటి నంబరు పెట్టాడు. మొదటిదే ఎందుకని అడిగితే, రెండోది ఫ్యాక్స్ అట! ఈ స్పెల్లింగులన్నీ వరసపెట్టి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాస్తే అది స్తోత్రంలా ఉంటుంది. రాసినవాడికి సీనియర్ అని ప్రమోషన్ కూడా వస్తుంది.

కాలమ్ పేరు తప్పు రాస్తే డేటాబేస్ ముఖం మీదే ఎర్రర్ కొడుతుంది. జేసన్ లోపలి కీ పేరు తప్పు రాస్తే నల్, అంటే ‘విలువ లేదు’ అని ఇచ్చి ఊరుకుంటుంది. ఫోన్ నంబరైతే పోనీ అనుకుందాం. రోగి వివరాల్లో ఒకరు ‘అలర్జీ’ అని, మరొకరు ‘అలర్జీస్’ అని రాస్తే? డాక్టర్ స్క్రీన్ మీద అక్కడ ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ అంటే అలర్జీ లేదనే అనుకుంటారు, మందు రాసేస్తారు. దీన్ని ఫ్లెక్సిబిలిటీ అంటారా? సిగ్గుండాలి!

కాలమ్ చేర్చితే టేబుల్ అంతా తిరగరాయాలని ఇంకా సాకులు. 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 నుంచి, స్థిరమైన డిఫాల్ట్ విలువ ఇచ్చి చేర్చినా ఆ బాధ లేదు. కాలమ్ చేర్చడానికి ఒక్క లైను ‘ఆల్టర్ టేబుల్’ కమాండ్ చాలు. అదీ రాయలేమంటే కనీసం తప్పు డేటాను లోపలికి రానివ్వని ఒక చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. అది కూడా ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్ల బ్యాంకు ఖాతా నంబర్లు ముందు ఆ ‘ఎక్స్‌ట్రా’లోనే వేయాలి. ఒకటో తారీఖున జీతాల సెక్షన్ ఏ స్పెల్లింగుతో వెతుకుతుందో వాళ్లే చూసుకుంటారు.