వారానికి ఒక సెలవు: ఫిలిప్పినోల పండుగల వెనుక ఉన్న అసలు బలం

విదేశాల్లో ఫిలిప్పినోలు జరుపుకునే వేడుకల గురించి రాసేవారు ఎక్కువగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఎంత కష్టంలోనైనా నవ్వుతూ బతికే మనుషులని మెచ్చుకోవడం ఒక దారి, ఇల్లూ పిల్లలూ దూరమైన దుఃఖాన్ని ఆటపాటల్లో మరచిపోతున్నారని జాలిపడటం ఇంకో దారి. ఈ మెప్పూ ఈ జాలీ అసలు విషయాన్ని పక్కనపెట్టేస్తున్నాయి. ఆ వేడుకలు ఇన్ని దశాబ్దాలుగా నిలబడటానికి ఆధారం వారానికి ఒక రోజు యజమాని గడప దాటి బయటికి రాగలిగే హక్కు. ఆ ఒక్క రోజును చేజిక్కించుకున్నారు కాబట్టే ఫిలిప్పినోలు పరాయి గడ్డ మీద ఒక సమాజంగా, చివరికి ఒక రాజకీయ శక్తిగా ఎదగగలిగారు.

హాంకాంగ్‌నే చూడండి. అక్కడ ఇళ్లలో పనిచేసే విదేశీయులు 3 లక్షలకు పైబడి ఉంటే, వారిలో సగానికి మించి ఫిలిప్పీన్స్ మహిళలే. రెండేళ్ల కాంట్రాక్టు, యజమాని ఇంట్లోనే నివాసం, ఉద్యోగం పోతే రెండు వారాల్లో దేశం విడిచి వెళ్లాలన్న నిబంధన, ఎన్నేళ్లు పనిచేసినా శాశ్వత నివాసానికి అర్హులు కారని 2013లో అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, ఇవన్నీ తెలిసినవే. అయితే అదే హాంకాంగ్ కార్మిక చట్టం ప్రతి ఏడు రోజులకు ఒక పూర్తి రోజు సెలవు ఇచ్చి తీరాలని, ఆ రోజున బలవంతంగా పని చేయించుకుంటే నేరమని చెబుతుంది. అందుకే ఆదివారం వచ్చిందంటే బ్యాంకులూ ఖరీదైన దుకాణాలూ కొలువైన సెంట్రల్ ప్రాంతం రూపమే మారిపోతుంది. చాటర్ రోడ్డు మీదా, స్టాట్యూ స్క్వేర్‌లోనూ, హెచ్‌ఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం కింద ఉన్న ఖాళీ జాగాలోనూ అట్టపెట్టెలు విప్పి నేల మీద పరుస్తారు, చుట్టూ మోకాలెత్తు గోడలా నిలబెడతారు. ఆ అట్టల బయట చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్లి కూర్చుంటారు. ఒకరు పాన్సిట్ నూడుల్స్ డబ్బా తెరుస్తుంటే మరొకరు పక్కామె గోళ్లకు రంగు వేస్తుంటారు, ఇంకొకరు ఊళ్లో ఉన్న బిడ్డ ముఖాన్ని ఫోన్‌లో చూస్తూ హోంవర్క్ చేయిస్తుంటారు. ఆవలి పక్కన అందాల పోటీ కోసం నడక సాధన, ఇంకాస్త దూరంలో ప్రార్థన. వారమంతా ఒకరి ఇంట్లో పనిమనిషిగా ఉన్న ఆమెకు సొంత ఇల్లంటూ ఉన్నది ఆ అట్టల మధ్యనే.

కుటుంబంతో కలిసి ఉండగలిగిన వారి జీవితం గల్ఫ్‌లో కనిపిస్తుంది. దుబాయ్‌లో భార్యనో భర్తనో పిల్లలనో తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హాముల జీతమైనా, 3,000 జీతంతో పాటు వసతి అయినా ఉండాలి కనుక ఆ అవకాశం నర్సులకూ, ఆఫీసు ఉద్యోగులకూ, దుకాణాల సూపర్‌వైజర్లకూ దక్కుతుంది. అలా సత్వాలోనో కరామాలోనో ఒక గదిలో సంసారం పెట్టిన జంటకు బిడ్డ పుడితే, జ్ఞానస్నానం (బాప్టిజం) నాడు ఒక జ్ఞాన తండ్రి (గాడ్‌ఫాదర్), ఒక జ్ఞాన తల్లితో సరిపెట్టరు. తోటి ఉద్యోగులు, పక్క గదివారు, సొంత జిల్లావారు అనేకులు ఆ బాధ్యత తీసుకుంటారు. చూసేవారికి ఇది ఆడంబరంగా తోచవచ్చు. కానీ అమ్మమ్మా నాయనమ్మా లేని ఊళ్లో తల్లి నైట్ డ్యూటీకి వెళ్తే బిడ్డను చూసేదీ, తండ్రి ఉద్యోగం పోతే స్కూలు ఫీజుకు చేయందించేదీ ఆ జ్ఞాన తల్లిదండ్రులే. డిసెంబరులో క్రిస్మస్‌కు ముందు తొమ్మిది రోజులు సాగే సింబాంగ్ గాబీ పూజలు స్వదేశంలో తెల్లవారకముందే జరుగుతాయి. దుబాయ్‌లో ఊద్ మేథా సెయింట్ మేరీస్ చర్చిలో మాత్రం డ్యూటీ దిగి వచ్చేవారి కోసం రాత్రి వేళ జరుగుతాయి, మన క్రైస్తవుల ఇళ్ల మీద వెలిగే నక్షత్రాల్లాంటి పరోల్ దీపాలు వేలాడుతాయి. పండుగను పనివేళలకు అనుగుణంగా మార్చుకున్నారు గానీ వదులుకోలేదు.

ఇక్కడితో ఆగితే ఇది సంస్కృతి కథగానే మిగిలిపోయేది. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాత జరిగింది. ఫిలిప్పీన్స్ నియంత ఫెర్డినాండ్ మార్కోస్ ప్రభుత్వం 1982లో ఒక ఉత్తర్వు తెచ్చి, విదేశాల్లో ఇంటిపని చేసేవారు తమ జీతంలో సగం తప్పనిసరిగా బ్యాంకుల ద్వారా స్వదేశానికి పంపాలనీ, లేకుంటే పాస్‌పోర్టు పునరుద్ధరణ ఉండదనీ శాసించింది. దానికి ఎదురుతిరిగిన వారిలో ముందువరుసలో నిలిచింది హాంకాంగ్‌లో ఆదివారాలు కలుసుకునే ఈ ఇంటిపని మహిళలే. నియంత పాలనలో ఉన్న దేశపు పౌరులు, అందులోనూ యజమాని దయ మీద వీసా నడిచే ఆడవాళ్లు, 1985 నాటికి ఆ ఉత్తర్వులోని శిక్షలను రద్దు చేయించగలిగారు. ఆ పోరాటం నుంచే హాంకాంగ్‌లో ఫిలిప్పినో సంఘాల ఐక్య సంస్థ పుట్టింది. 1990ల తొలినాళ్లలో చాటర్ రోడ్డు మీద వీరిని లేకుండా చేయాలని అక్కడి భవన యజమానులు చేసిన ప్రయత్నం సాగలేదు. 2003లో ఇంటిపనివారి కనీస వేతనాన్ని నెలకు 400 హాంకాంగ్ డాలర్ల మేర తగ్గించినప్పుడు మళ్లీ వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. కలిసి అన్నం తినడం, కలిసి పాడటం అలవాటైన మనుషులను ఊరేగింపుకు పిలవడానికి కొత్తగా పరిచయాలు చేసుకోవలసిన పని ఉండదు.

స్వదేశపు ప్రభుత్వాన్ని కదిలించింది కూడా ఈ కూడికల నుంచి లేచిన ఆగ్రహమే. 1995 మార్చిలో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియాన్ అనే ఫిలిప్పినో ఇంటిపని మహిళను ఉరితీసినప్పుడు ఫిలిప్పీన్స్ భగ్గుమంది. ఆ జూన్‌లోనే వలస కార్మికుల చట్టం వచ్చింది. 2003లో విదేశాల నుంచే ఓటు వేసే హక్కు, 2006లో ఇంటిపనివారికి నెలకు కనీసం 400 అమెరికన్ డాలర్ల జీతం, 2021 డిసెంబరులో వలస కార్మికులకు ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చాయి. 2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పినో మహిళ మృతదేహం ఫ్రీజర్‌లో దొరికినప్పుడు మనీలా తన కార్మికులను అక్కడికి పంపడమే ఆపేసింది. పాస్‌పోర్టు, ఫోను కార్మికురాలి దగ్గరే ఉండాలని మే నెలలో ఒప్పందం రాయించుకున్న తర్వాతే దారి తెరిచింది.

దీనికి ఎదురు వాదన ఉంది, అందులో బరువూ ఉంది. 2024లో విదేశాల్లోని ఫిలిప్పినోలు బ్యాంకుల ద్వారా పంపిన 3,449 కోట్ల డాలర్ల మీద ఆధారపడిన ప్రభుత్వం తన పౌరులను ఎగుమతి సరుకుగా చూస్తోందనీ, తల్లి లేకుండా పెరిగే పిల్లల బాధను అట్టపెట్టెల మీది నవ్వులు కప్పేస్తున్నాయనీ అంటారు. ఆ బాధ నిజమే. అయితే ఆ తల్లి తన బాధను తోటివారితో చెప్పుకుని, హక్కుగా మార్చి అడగగలిగింది సెలవు రోజు వల్లనే. సెలవు లేని తల్లి బాధ ఎవరికీ తెలియకుండా నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది.

ఆ నాలుగు గోడల మధ్య ఉండిపోయిన వారు మనకు బాగా తెలిసినవారే. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఖద్దామా (ఇంటిపని) వీసాల మీద కువైట్ వెళ్లిన మన ఆడవాళ్లు ఫిలిప్పినోలు చేసే పనే చేస్తున్నారు, ఒక్కోసారి ఆ పక్క ఇంట్లోనే చేస్తున్నారు. ఇంటిపనివారికి వారపు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లోనే చట్టం చేసింది, 2021 జూన్‌లో భారత్‌తో ఇంటిపనివారిపై అవగాహన ఒప్పందం కూడా చేసుకుంది. అయినా పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) బీరువాలో, ఫోను మేడమ్ చేతిలో ఉన్న మనిషికి సెలవు చట్టం ఉందని చెప్పేదెవరు? బయటికి రాలేని ఆమె ఏ సంఘంలో చేరుతుంది, ఏ ఉగాదికి వస్తుంది?

అడగవలసిన మన ప్రభుత్వానికి అడిగే నైతిక బలం లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోపమని నేను భావిస్తాను. ఇంటిపనివారికి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఇవ్వాలనే 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికను ఫిలిప్పీన్స్ మరుసటి ఏడాదే ఆమోదించింది, 2013లో స్వదేశంలోని ఇంటిపనివారికీ వారపు సెలవును చట్టం చేసింది. మనం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ మన ఇళ్లలో అంట్లు తోమే మనిషికి వారానికి ఒక రోజు సెలవు కల్పించే కేంద్ర చట్టమూ లేదు. మన వంటింట్లో ఇవ్వని హక్కును కువైట్ వంటింట్లో ఇమ్మని ఏ ముఖంతో అడుగుతాం? ముందుగా ఆ చట్టం చేసి, ఒడంబడికను ఆమోదించి, ఆ తర్వాత గల్ఫ్ దేశాలతో చేసుకునే ప్రతి కార్మిక ఒప్పందంలోనూ సెలవు రోజున యజమాని ఇంటి బయట గడిపే హక్కును, ఫోనూ పాస్‌పోర్టూ తన దగ్గరే ఉంచుకునే హక్కును స్పష్టంగా రాయించాలి. ఆ కాంట్రాక్టు ప్రతిని తెలుగులో ఇవ్వాలి. గల్ఫ్‌లోని మన సంఘాలు కూడా బతుకమ్మనూ ఉగాదినీ టికెట్టు పెట్టిన హోటల్ హాళ్లలో జరపడం మాని, ఖద్దామాలకూ లేబర్ క్యాంపుల వారికీ సెలవు దొరికే రోజున, వారు నడిచి రాగలిగే చోట జరపాలి.