సవరణ: రష్యన్‌లో ‘పుట్’కి ఒకే క్రియ సరిపోదు

ఇంగ్లిష్ ‘పుట్’ని రష్యన్‌లోకి మార్చడం గురించిన మా గత పోస్టులో, బల్లపరుపు వస్తువైతే ‘పలజీత్’ (పడుకోబెట్టు), నిలువుగా ఉండేదైతే ‘పస్తావిత్’ (నిలబెట్టు) అని రాశాం. ఆ సూత్రం కంచం దగ్గరే దెబ్బతింటుంది. కంచం బల్లపరుపుదే, అయినా భోజనానికి బల్ల మీద పెట్టేటప్పుడు రష్యన్లు ‘పస్తాఫ్ తరేల్కు న స్తోల్’ (కంచం బల్ల మీద పెట్టు) అంటారు; ‘పస్తాఫ్’ అంటే ‘పస్తావిత్’కి ఆజ్ఞారూపం. కంచం అడుగు మీద, వాడుకకు సిద్ధంగా కూర్చుంది కాబట్టి వాళ్ల లెక్కలో అది ‘నిలబడింది’. అదే కంచం అంట్ల సింకులో పడి ఉంటేనో, పెట్టెలో సర్దితేనో ‘పడుకుంది’. అప్పుడు ‘పలజీత్’ సరైనది. చెంచా, ఫోర్కులకు అడుగంటూ లేదు కనుక బల్ల మీదైనా ‘పలజీత్’. పుస్తకం బల్ల మీద పడుకుంటుంది, అరలో నిలబడుతుంది. కోటును కొక్కేనికి తగిలిస్తే ‘పవేసిత్’. చారులో ఉప్పు, టీలో చక్కెర వేయడానికి ‘పలజీత్’.

మన ‘పెట్టు’ కూడా ‘పుట్’ లాగే కంచానికీ చెంచాకీ ఒకటే. అందుకే రెంటికీ ఒకే క్రియ వాడే పొరపాటు తెలుగువాళ్లకు ఇట్టే దొర్లుతుంది.

ఇంకో తప్పు: ‘పలజీత్’కి జోడీగా, అలవాటుగా చేసే పనికి ‘లజీత్’ అని ఇచ్చాం. ప్రామాణిక రష్యన్‌లో అది చెల్లదు. సరైన జోడీ ‘క్లాస్త్’. ‘నేను (రోజూ) పెడతాను’ అంటే ‘యా క్లదూ’. ‘లజూ’ అంటే చదువుకున్నవాళ్లు వెంటనే సరిదిద్దుతారు.

పెట్టేటప్పుడు ‘న స్తోల్’ (బల్ల మీదికి), పెట్టాక ఉన్నచోటు చెప్పేటప్పుడు ‘న స్తల్యే’ (బల్ల మీద) అని గత పోస్టులో చెప్పిన భాగంలో మార్పేమీ లేదు.